ఆ 'ఏపీ స్ట్రెయిన్' ఏమైంది?

ప్రశ్న: 2021 మే నెలలో మా నాన్న కోవిడ్‌తో పోయారు. అదే వారం టీవీలో 'ఏపీ స్ట్రెయిన్' పదిహేను రెట్లు ప్రమాదకరమని చెప్పారు. పై రాష్ట్రంలో ఉన్న మా తమ్ముణ్ని ఆంధ్రావాడివని గదిలోకి రానివ్వలేదు. మా ప్రాంతంలో పుట్టిన వైరసే నాన్నను తీసుకుపోయిందా?
– ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి మాట. ఆయన ఒంట్లోని వైరస్ జన్యువును ఎవరూ చదివి ఉండరు. ఆ రోజుల్లో ఆ పరీక్ష చాలా కొద్ది నమూనాలకే జరిగేది. అయితే టీవీలు 'ఏపీ స్ట్రెయిన్' అన్న ఎన్440కె రకం అప్పటికే దక్షిణాదిలో వెనకబడిపోతోంది. దాని చోటును తర్వాత డెల్టా అని పేరుపడిన రకం ఆక్రమిస్తోంది. ఆ మాట హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ మే నెలలోనే చెప్పారు. అయినా మే 6న ఢిల్లీ ప్రభుత్వం రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారికి 14 రోజుల క్వారంటైన్ విధించింది. మీ తమ్ముడు పడిన అవమానానికి శాస్త్రంలో ఆధారం లేదు.

మరి ఆ రెట్ల లెక్క ఎక్కడిది? సీసీఎంబీలోనే గాజు పాత్రలో కణాల మీద పెంచినప్పుడు ఎన్440కె, అప్పుడు ఎక్కువగా తిరుగుతున్న రకం కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ వైరస్‌ను పుట్టించింది. అది పాత్రలో లెక్క. పాత్రలో కిక్కిరిసిన చెన్నై లోకల్ రైలు ఉండదు, పెళ్లి పందిరి ఉండదు, ఒకసారి జబ్బు పడి లేచిన మనిషి రక్తంలోని యాంటీబాడీలూ ఉండవు. పాత్రలో గెలిచింది ఊళ్లో గెలవాలని లేదు.

అసలు ఇలాంటి రకాలు ఎలా పుడతాయి? రామకోటి రాసేవారి చేయి ఎక్కడో ఒకచోట జారుతుంది కదా, వైరస్ తన జన్యువును నకలు తీసుకునేటప్పుడూ అంతే. కరోనా వైరస్‌లో సుమారు 30 వేల అక్షరాలుంటాయి. తప్పులు దిద్దే ఎంజైమ్ కూడా దానికి ఉంది. అయినా ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి సాగే గొలుసులో నెలకు సుమారు రెండు మార్పులు నిలబడిపోతాయి. చాలావాటివల్ల ఏమీ కాదు. ఎన్440కె అలాంటి ఒక్క అక్షరం జారుడే: ముల్లు (స్పైక్) ప్రొటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరజీన్ పోయి లైసీన్ వచ్చింది.

నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేసే సంగతి తర్వాత జరిగింది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ప్రకటించిన ఒమిక్రాన్ ముల్లు ప్రొటీన్‌లో ముప్పైకి పైగా మార్పులున్నాయి. వాటిలో ఎన్440కె కూడా ఒకటి! అది మన దగ్గర్నుంచి వెళ్లింది కాదు, వేరే గొలుసులో అదే చోట మళ్లీ చేయి జారింది. ఈసారి లోకంలో చాలామందికి యాంటీబాడీలున్నాయి. వాటిలో కొన్నింటి పట్టు తప్పించుకోవడానికి ఆ మార్పు పనికొచ్చింది. అప్పుడు వెనకబడిన అక్షరమే ఇప్పుడు, మిగతా మార్పులతో కలిసి, లోకమంతా తిరిగింది. దాన్ని ఏ ఊరికీ అంటగట్టలేం.

ప్రశ్న: ఏ వైరస్ అయినా పోనుపోను మెత్తబడుతుందంటారు. నిజమేనా?

జవాబు: అలాంటి నియమం లేదు. డెల్టా దానికి ముందు రకాల కంటే తీవ్రమైంది. రోగి చనిపోయే లోపే కరోనా పది మందికి అంటుకుంటుంది, కాబట్టి అతను బతికినా పోయినా దాని వ్యాప్తికి పెద్ద తేడా రాదు. తర్వాత మరణాలు తగ్గడంలో టీకాల పాత్ర, పాత ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చిన రక్షణ పాత్ర చాలా పెద్దవి. డోసు బాకీ ఉన్న పెద్దవాళ్లుంటే డాక్టరును అడగండి.

ప్రశ్న: 2024లో పొదలకూరు మండలం చాటగుట్లలో బర్డ్ ఫ్లూతో కోళ్లు చచ్చాయి. నేలపట్టు గూడబాతులు, పులికాట్ ఫ్లెమింగోల వల్ల మాకూ ముప్పేనా?

జవాబు: ఫ్లూ దారి వేరు. దాని జన్యువు ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. రెండు రకాలు ఒకే కణంలోకి చేరితే పేకముక్కల్లా కలిసిపోతాయి. 2009 స్వైన్ ఫ్లూ వైరస్‌లో పంది, పక్షి, మనిషి ఫ్లూల ముక్కలున్నాయి. శాస్త్రవేత్తలు బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 మీద కన్నేసి ఉంచేది అందుకే. అది ఇప్పటికైతే మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకడం లేదు. పక్షుల్ని దూరం నుంచి నిశ్చింతగా చూడండి, కోడికూర బాగా ఉడికించి తినండి. చచ్చిన పిట్ట కనిపిస్తే మాత్రం ఉత్త చేతులతో తాకకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, పశువుల ఆసుపత్రికి కబురు చేయండి.