పాకం నేర్పే పాఠం

పదార్థానికి మూడు స్థితులని మనమందరం బళ్ళో చదివాం. తమిళంలో చదివినవాళ్ళకి అవి తిణ్మం, తిరవం, వాయు. తెలుగులో ఘనం, ద్రవం, వాయువు. ఘనంలో అణువులు తమ చోట్లోనే ఉండి అదురుతుంటాయి. ద్రవంలో ఒకదాని పక్కన ఒకటి జారుతాయి. వాయువులో విడివిడిగా తిరుగుతాయి.

దీనికి తేలికైన ఉదాహరణ మన శివకాశి, సాత్తూరు, కోవిల్పట్టి అగ్గిపుల్ల. మందు అంటించేముందు పుల్ల కొనను కరిగిన మైనంలో ముంచుతారు. మైనం పుల్లలోకి ఇంకి, చల్లారి, మళ్ళీ గట్టిపడుతుంది. అక్కడ వస్తువు మారలేదు, స్థితి మాత్రమే మారింది.

కోవిల్పట్టి కడలై మిఠాయి సంగతి ఇంత తేలిక కాదు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయికి ముఖ్యమైనవి వేరుశెనగ పప్పు, బెల్లం. బెల్లంలో నీళ్ళు పోసి కాస్తే నీరు ఆవిరై పోతూ ఉంటుంది. మామూలు నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పాకం చిక్కబడేకొద్దీ మరిగే వేడి పెరుగుతూ 140 డిగ్రీలు కూడా దాటుతుంది. అంటే పాకం ఎంత వేడిగా ఉందో తెలిస్తే అందులో నీరు ఎంత మిగిలిందో తెలిసినట్టే.

మన ఇళ్ళల్లో థర్మామీటర్ ఎవరు పెట్టారు? రెండు వేళ్ళ మధ్య సాగితే తీగపాకం, అది లడ్డూకి. నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కడితే ఉండపాకం, అది అరిసెలకి. ఆ ఉండని గిన్నెకేసి కొడితే ఠంగుమంటే ముదురుపాకం. మిఠాయికి కావాల్సింది ఇదే. ఒక్కో పేరు ఒక్కో కొలత.

ముదురుపాకం చల్లారితే గట్టిపడుతుంది కదా, అది ఉప్పురాయిలాంటి ఘనమేనా? కాదు. ఉప్పులో కణాలు వరసగా పేర్చినట్టు ఉంటాయి, దాన్ని స్ఫటికం అంటారు. పాకంలో అణువులు వరస కట్టేలోపే చల్లారి, ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కిటికీ గాజు కూడా ఇలాంటిదే. అందుకే మిఠాయి కొరికితే గాజులా టప్పున విరుగుతుంది. వానాకాలంలో పొట్లం విప్పి వదిలేస్తే గాలిలోని తేమ పీల్చుకుని మెత్తబడి చేతికి అంటుకుంటుంది. నీరు పోయి గట్టిపడింది, నీరు చేరి మెత్తబడింది.

కోవిల్పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. ఆయన తమిళంలో రాస్తూ కరిసల్ నేల మాటల్ని ఏరి నిఘంటువు చేశారు. మన వంటింటి తెలుగు మాటల్ని ఎవరు ఏరతారు? ఇంట్లో తెలుగు మాట్లాడి బయట తమిళం చదివే మనలాంటివాళ్ళకి ఈ మాటలు అవ్వల నోట్లోనే ఉన్నాయి. వాళ్ళతో పాటు పోతే పోయేది పేర్లు మాత్రమే కాదు, వాటిలో ఉన్న కొలతలు కూడా. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ అవ్వని అడగండి, మీ ఇంట్లో పాకానికి ఎన్ని పేర్లున్నాయో. రాసుకొచ్చి ఈ గోడపత్రిక కింద అంటించండి.