పోటీ పరీక్షల ప్రత్యేకం: మత్సుతారో షోరికి

జపాను పత్రికాధిపతులలో అగ్రగణ్యుడగు మత్సుతారో షోరికి, 1885 ఏప్రిల్ 11న తొయామా ప్రాంతమున జన్మించి, టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము నభ్యసించి, రాజధాని పోలీసుశాఖలో ఉన్నతాధికారియై యుండగా, 1923 డిసెంబరు 27న యువరాజు హిరోహితోపై జరిగిన తొరనొమోన్ హత్యాయత్నమునకు బాధ్యత వహించి పదవీచ్యుతుడయ్యెను. మరుసటి యేడే, 1874లో స్థాపితమై అప్పటికి క్షీణదశలోనున్న యొమియూరి షింబున్ పత్రికను కొని, 1925లో రేడియో కార్యక్రమములకు ప్రత్యేక పుటను నెలకొల్పెను. పోలీసు పత్రికాధిపతి యగుట విచిత్రమే. పరీక్షకు మాత్రము 1924 ముఖ్యము.

1934: షోరికి పూనికచే బేబ్ రూత్ సహిత అమెరికా బేస్‌బాల్ జట్టు జపాను పర్యటన, డిసెంబరులో నేటి యొమియూరి జెయింట్స్ జట్టు ఆవిర్భావము. ఖ్యాతి: జపాను వృత్తి బేస్‌బాల్ పితామహుడు.

1935: షోరికిపై జాతీయ దురభిమాని ఖడ్గప్రహారము.

1945–47: ‘ఏ’ తరగతి యుద్ధనేర అనుమానితుడుగా సుగామో కారాగారవాసము, విచారణ లేకయే విముక్తి.

ఇచ్చటనే అభ్యర్థులు తడబడుదురు: ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే టెలివిజన్ ప్రసారములు 1953 ఫిబ్రవరి 1న మొదలుకాగా, షోరికి స్థాపించిన నిప్పన్ టెలివిజన్, దేశమున తొలి వాణిజ్య టెలివిజన్ కేంద్రముగా, ఆగస్టు 28న ఆరంభమయ్యెను; గృహములలో టీవీ అరుదగుటచే, వీధి కూడళ్లలో టీవీలను నిలిపి, మల్లయుద్ధములను జనసమూహములకు చూపెను.

1955: ప్రతినిధుల సభకు ఎన్నిక. 1956 జనవరి 1: జపాను అణుశక్తి సంఘమునకు తొలి అధ్యక్షుడు. అడుగుటకు మిక్కిలి అవకాశమున్న అంశమిదియే. మరణము: 1969 అక్టోబరు 9.