ఈడు వచ్చిన పిల్లలు – పెద్దల బాధ్యత

1929 నాటి శారదా చట్టము ఆడపిల్ల వివాహమునకు 14 ఏండ్లు నిండవలెనన్నది. 1978లో అది 18 అయినది, మగపిల్లవానికి 21. కాని మనస్సున అనురాగము మొలకెత్తు ఈడు మారలేదు. ఈ నడిమి ఏండ్లలో పిల్లలకు పెద్దల తోడు కావలెను.

బెంగుళూరు చిక్‌పేటలో వర్తకము చేయు నేను, పదవ తరగతి చదువుచుండిన మా అమ్మాయి పుస్తకములో ఒక బాలుని ఉత్తరము చూచి కేకలు వేసితిని. నాలుగు నెలలు ఆమె నాతో మాటలాడలేదు. తప్పు నాదే.

18 నిండనివారితో దేహసంబంధము, సమ్మతి ఉన్నను, 2012 నాటి పోక్సో చట్టము క్రింద నేరము. ఇట్టి సంగతులు ప్రక్కన కూర్చుండి నెమ్మదిగా చెప్పవలెను. అంతకు ముందు వారి మాట పూర్తిగా వినవలెను. ఇప్పుడు రాత్రి అంగడి కట్టి ఇంటికి పోగానే మా అమ్మాయియే మాట మొదలుపెట్టుచున్నది.