వెనుక మనిషి కూర్చున్నప్పుడు

ఒంటరిగా మోటారు సైకిలు నడపడంలో ఆరితేరినవారికి సైతం వెనుక మనిషి కూర్చోగానే బండి కొత్తగా తోస్తుంది. ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. అయితే అసలు కష్టం వేగంలో కాదు, నిదానంలో ఉంది. టి. నగర్‌లో, పానగల్లు రాజా పేరిట వెలసిన పార్కు వద్ద, జనం మధ్య నత్తనడకన సాగేటప్పుడే బండి ఒరుగుతుంది. కనుక ముందుగా ఖాళీ వీధిలో, బండి తెలిసిన పెద్దవారిని ఎక్కించుకొని బయలుదేరడం, ఆగడం, మలుపు తిరగడం సాధన చేయాలి. ఎక్కేవారు చెప్పి ఎక్కాలి. అప్పటికి నడిపేవారి కాళ్లు రెండూ నేలపై ఆని ఉండాలి.

చీరకొంగు చక్రంలో చిక్కితే ప్రాణాపాయం. వెనుక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణను 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు విధించినది అందుకే. అది ఉన్నా కొంగు నడుముకు చుట్టి దోపుకోవాలి. వెనుక ఒక్కరే కూర్చోవాలి. హెల్మెట్ ఇద్దరికీ తప్పనిసరి.