కోనేటియొద్ద ముందెవరు?

పాఠ్యభాగములు: యోహాను 5:1-9, అపొస్తలుల కార్యములు 6:1-7, 2 కొరింథీయులకు 8:13-15



యెరూషలేములో ఒక కోనేరు ఉండెను. దాని చుట్టునున్న మంటపములలో రోగులు అనేకులు కాచుకొనియుండిరి. నీళ్లు కదలినప్పుడు ముందుగా దిగినవానికి మేలు కలుగునని వారి నమ్మిక. 38 ఏండ్లుగా జబ్బుపడిన ఒకడు అక్కడనే పడియుండెను. ప్రభువు పలుకరించినప్పుడు అతడు తన రోగమును గూర్చి చెప్పలేదు. తన్ను నీళ్లలో దింపుటకు మనిషి లేడనియు, తాను చేరులోగా మరియొకడు దిగిపోవుచున్నాడనియు మొరపెట్టుకొనెను.

వరుసలో వెనుకబడినవారి బాధ అంతయు ఆ మాటలో ఉన్నది. కాళ్లు బాగున్నవాడు ముందు చేరును. ఆ నీరు ఎవనికి మిక్కిలి అవసరమో వాడే కడపట మిగులును.

ఈ కోనేటిని మనస్సులో ఉంచుకొని, కోవిడ్ మహమ్మారి కాలమున దేశదేశములలో జరిగిన ఒక వాదమును ఈ నెల పరిశీలింతము. టీకా కొద్దిగాను జనము విస్తారముగాను ఉన్నప్పుడు, ముందు ఎవరికి వేయవలెను? ఆ మహమ్మారి అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించినది. అయినను ఈ ప్రశ్న ముగియలేదు. మరియొక తెగులు వచ్చిన దినమున ఇది మరల మన వాకిట నిలుచును. భయము లేని దినములలో దీనిని ఆలోచించుకొనుట మంచిది. ఏలయనగా భయము పట్టిన తరువాత ప్రతివానికిని తన ఇల్లే ముందుగా కనబడును.

1. మూడు న్యాయములు

ఆ దినములలో వినబడిన వాదములు ముఖ్యముగా మూడు.

మొదటిది, ఎవరికి మరణాపాయము ఎక్కువో వారికి ముందు వేయవలెననుట. బ్రిటన్ దేశము ఈ మార్గమును పట్టినది. అక్కడ 2020 డిసెంబరు 8న పరీక్షలు ముగించుకొన్న టీకాను మొదట పొందినది 90 ఏండ్ల వృద్ధురాలు. వృద్ధాశ్రమములలో ఉన్నవారు, వారిని చూచుకొనువారు, 80 ఏండ్లు దాటినవారు, వైద్యసేవకులు ముందుగాను, తరువాత వయస్సునుబట్టి పైనుండి క్రిందికిని వరుస ఏర్పరచిరి. ఉపాధ్యాయులకును పోలీసులకును ప్రత్యేక స్థానము ఇయ్యవలెనని అక్కడ గట్టిగా అడిగినవారు కలరు. అయితే ఆ దేశపు నిపుణుల సంఘము వయస్సునే పట్టుకొని నిలిచినది. ప్రాణాపాయము వయస్సుతోకూడ పెరుగుచున్నదనియు, వయస్సు వరుస నడపుటకు సులువనియు వారు చెప్పిన కారణములు.

రెండవది, ఇల్లు విడిచి పనికి పోక తప్పనివారికి ముందు వేయవలెననుట. ఇండొనేషియాలో 2021 జనవరిలో వైద్యసేవకులతో ఆరంభించి, వృద్ధులకంటె ముందుగా 18 నుండి 59 ఏండ్లవారికి వేయ నిర్ణయించిరి. బయట తిరుగువారు, కుటుంబమును పోషించువారు వీరే గదా అని వారి తలంపు. వారియొద్దనున్న టీకా వృద్ధులలో ఎట్లు పనిచేయునో అప్పటికి తగినంత తెలియకపోవుటయు ఒక కారణము.

మూడవది, మనకొరకు అపాయములోనికి పోవువారికి ముందు వేయవలెననుట. ఒక నర్సు పడిపోయినయెడల ఆమె చూడవలసిన రోగులందరును దిక్కులేనివారగుదురు. అంతేగాక, ఇతరులకొరకు ప్రాణమును పణముగా పెట్టువారికి సమాజము ఋణపడియున్నది.

ఈ మూడింటిలో ఏదియు త్రోసివేయదగినది కాదు. అయితే ఆ మొదటి నెలలలో ఒక సంగతిని గమనింపవలెను. టీకా రోగతీవ్రతను తగ్గించునని పరీక్షలలో తేలినది. ఒకరినుండి ఒకరికి అంటుటను ఎంతవరకు ఆపునో అప్పటికింకను పూర్తిగా తేలలేదు. తెలియని మేలుకొరకు తెలిసిన మేలును విడువరాదు గనుక, చావునకు దగ్గరగా ఉన్నవారిని ముందు నిలుపుట వివేకమని మా తలంపు.

2. మన దేశపు వరుస

మన దేశములో 2021 జనవరి 16న టీకాలు ఆరంభమాయెను. వైద్యసేవకులు సుమారు 1 కోటి, పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు మొదలైనవారు సుమారు 2 కోట్లు, వృద్ధులును ఇతర రోగములు గలవారును సుమారు 27 కోట్లు, ఇట్లు 30 కోట్లమందికి ముందు వేయవలెనని ప్రభుత్వము తలంచినది. మార్చి 1 నుండి 60 ఏండ్లు దాటినవారికిని, 45 దాటి నిర్ణీత రోగములు గలవారికిని, ఏప్రిల్ 1 నుండి 45 దాటిన అందరికిని, మే 1 నుండి 18 దాటినవారికిని వరుస తెరచిరి.

ఆ మొదటి దినమును మనము మరువరాదు. ఢిల్లీ ఏయిమ్స్ ఆసుపత్రిలో మొదట చేయి చాపినవాడు ఒక పారిశుద్ధ్య కార్మికుడు. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలోను, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోను ఊడ్చి కడుగు స్త్రీలే మొదట నిలిచిరి. విందులో కడపటి బంతిలో కూర్చుండుటకు అలవాటుపడినవారు, పెద్ద వైద్యులకంటె ముందుగా పిలువబడిరి. రోగి విడిచిన గుడ్డను ఎత్తువారికి అపాయము తక్కువ కాదు గనుక అది దయ కాదు, న్యాయమే. ఆ దినము జరిగినది ఇతర దినములలో ఎందుకు జరుగలేదో మనము అడుగవలెను.

3. కోనేరు మరల కనబడిన చోటు

2021 మే నెల వచ్చునప్పటికి రెండవ అల మన ఊళ్లను ముంచుచుండెను. 18 నుండి 44 ఏండ్లవారు కోవిన్ అను ఏర్పాటులో ముందుగా పేరు నమోదు చేసికొనవలెననిరి. నమోదు తెరచిన ఏప్రిల్ 28న ఒక్క దినములోనే కోటిమందికి పైగా పేర్లిచ్చిరి. టీకాలో, చాలినన్ని లేవు. స్మార్టు ఫోను గలవాడు, ఓటీపీ వచ్చిన వెంటనే నొక్కగలవాడు ముందు దిగెను. పట్టణములనుండి కార్లలో గ్రామ కేంద్రములకు వచ్చి వేయించుకొని పోయినవారిని గూర్చి పత్రికలు వ్రాసెను. ఆ గ్రామపు కూలివాడు కేంద్రము ప్రక్కనే నివసించుచు చూచుచుండెను. ప్రైవేటు ఆసుపత్రులలో డబ్బు గలవారికి వేరొక ద్వారము ఉండెను.

60 దాటినవారు ముందుగా నమోదు లేకయే నేరుగా పోవచ్చును. అయినను మండల కేంద్రము వరకు పోవుటకు బండియు తోడును కావలెను గదా! తోడు లేనివారికి వరుసలో ముందు స్థానమున్నను అది కాగితము మీదనే ఉండెను. దింపుటకు మనిషి లేడన్న ఆ మొర మన దినములలో ఇట్లు వినబడినది.

ఇట్టి మొర వినబడినప్పుడు ఏమి చేయవలెనో ఆదిసంఘము మనకు నేర్పుచున్నది. అనుదిన పంపకములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు మరువబడిరని సణుగు పుట్టెను. అపొస్తలులు సణిగినవారిని గద్దింపలేదు; పంపకమునే సరిదిద్దిరి. ఏడుగురిని ఏర్పరచుకొనిరి. ఆ ఏడుగురి పేర్లను చదివి చూడుడి: అన్నియు గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రు మరువబడిరో వారి పక్షమువారికే పంపకమును అప్పగించిరని మనము గ్రహింపవచ్చును.

మన దేశములోను సణుగు వ్యర్థము కాలేదు. మే 6న, గుర్తింపు కాగితములు లేని భిక్షకులు, సంచార జాతులవారు, ఖైదీలు మొదలైనవారికొరకు ప్రత్యేక విధానము వెలువడినది. మే 24న ప్రభుత్వ కేంద్రములలో అప్పటికప్పుడే పేరు వ్రాయించుకొనుటకు అనుమతి వచ్చెను. మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు, 18 నుండి 44 ఏండ్లవారు డబ్బిచ్చి వేయించుకొనవలెననుట పైకి చూచినప్పుడే నిర్హేతుకముగా కనబడుచున్నదనియు, ఇంటర్నెట్టు లేనివారు వెనుకబడుదురనియు తెలియజేసినది. జూన్ 21 నుండి ప్రభుత్వ కేంద్రములలో 18 దాటిన అందరికిని ఉచితముగా వేసిరి. సెప్టెంబరులో మంచము దిగలేనివారికి ఇంటియొద్దనే వేయు విధానము వచ్చెను. నవంబరు 3 నుండి ఇంటింటి కార్యక్రమము ఆరంభమాయెను. మనిషి నీళ్లయొద్దకు పోలేనప్పుడు నీళ్లే మనిషియొద్దకు రావలెనని ఆలస్యముగానైనను గ్రహించిరి. అయితే ఆ ఆలస్యములో గడచిన నెలలే మిక్కిలి చెడ్డ నెలలు.

4. వంతు ఇచ్చుటయు, వంతు తీసికొనుటయు

ఆ దినములలో మా సంఘములోని వృద్ధులు, తాము బ్రతికినంత బ్రతికితిమనియు, పిల్లలుగలవారికి ముందు వేయుమనియు పలుకుట మేము వింటిమి. ఇది ప్రేమగల మాట. అయితే జాగ్రత్తగా ఆలోచింపవలెను. తన వంతును ఒకడు తానే ఇచ్చివేయవచ్చును, అది త్యాగము. ఆమె ముసలిది గదా, ఆమెకు ఎందుకు అని కొడుకుగాని సంఘముగాని ప్రభుత్వముగాని అనినయెడల అది త్యాగము కాదు, దోపిడి. నిజముగా ఆమె మనస్సు అదేనా, లేక ఇంటివారికి భారమగుదునని భయపడి అట్లు పలుకుచున్నదా అని ప్రక్కన కూర్చుండి అడుగవలసిన బాధ్యత మనది.

వంతును తీసికొనుటకు కెనడా దేశములో జరిగినది ఒక దృష్టాంతము. యూకాన్ ప్రాంతములో బీవర్ క్రీక్ అను మారుమూల కుగ్రామము కలదు. పెద్ద ఆసుపత్రి దూరము. ఆదివాసి వృద్ధులు అక్కడ నివసింతురు. అందువలన వారికి టీకా ముందు పంపిరి. 2021 జనవరిలో వాంకూవరు నగరమునుండి ఒక ధనిక దంపతులు విమానమును కుదుర్చుకొని అక్కడికి పోయి, తాము స్థానిక మోటెలులో పనివారమని చెప్పి టీకా వేయించుకొనిరి. సంగతి బయటపడి జరిమానా పడెను. ఆ చలిలో బలహీనులైన వృద్ధుల మధ్యకు వారు రోగమునే తెచ్చియుండవచ్చును గదా! అయితే మన మండలములో పరిచయముగల ఉద్యోగికి ఒక్క మాట చెప్పి ముందు దూరుటకును దీనికిని భేదమెంత? విమానము ఖర్చు మాత్రమే.

5. దేశముల వరుస

ఊరిలో ఉన్నట్లే దేశముల మధ్యను కోనేరు ఉన్నది. 2021 జనవరి 18న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ చెప్పిన లెక్క ఇది: 49 ధనిక దేశములలో 3 కోట్ల 90 లక్షలకు పైగా టీకాలు వేసిరి, మిక్కిలి బీద దేశములలో ఒక్కదానిలో 25 మాత్రము వేసిరి. 25 లక్షలు కాదు, 25.

ఈ కొరతను తీర్చుటకు ఏర్పడిన కోవాక్స్ అను అంతర్జాతీయ ఏర్పాటు ద్వారా 2021 ఫిబ్రవరి 24న ఘానా దేశమునకు మొదటి 6 లక్షల టీకాలు చేరెను. అవి మన పూనా పట్టణములో తయారైనవి. ఇది మనకు సంతోషకరము. అయితే కొలది వారములలో రెండవ అల మన మీదికి రాగా ఎగుమతులు నిలిచిపోయెను, వాటికొరకు కాచుకొన్న బీద దేశములు కాచుకొనుచునే యుండెను. తన ఇల్లు కాలుచున్నవాడు నీటిని తన ఇంటిమీదనే పోసికొనుటను తప్పుపట్టజాలము. అయితే ఇల్లు కాలకయే బిందెలన్నియు నింపి దాచుకొన్న ధనిక దేశముల సంగతి వేరు. కొరింథీ సంఘమునకు పౌలు వ్రాసిన కొలత ఇక్కడ పనికివచ్చును: ఒకరిని ఇబ్బందిపెట్టి మరియొకరిని సుఖపెట్టుట కాదు, ఒకరి సమృద్ధి మరియొకరి కొరతను తీర్చి ఇరువురును సమానమగుటయే.

6. మనము చేయవలసినది

వరుసను నిర్ణయించుట ప్రభుత్వపు పని. వరుసలో నిలువలేనివారిని మోయుట మన పని. ప్రతి సంఘమును ఇప్పుడే ఒక పుస్తకములో కొన్ని పేర్లు వ్రాసికొనవలెను: మంచమునున్నవారు, ఒంటరి విధవరాండ్రు, ఫోను లేనివారు, ఆధార్ కార్డు లేనివారు. మన సంఘమువారు మాత్రమే గాక ఊరిలోనివారందరును అందులో ఉండవలెను. ప్రతి పేరునకు ఎదురుగా ఒక యౌవనస్థుని పేరు వ్రాయవలెను. పిలుపు వచ్చిన దినమున ఆ మనిషిని తీసికొనిపోవుట అతని బాధ్యత. ఆ పుస్తకమును గూర్చి ఊరి ఆశా కార్యకర్తకు ముందే తెలియజేయవలెను.

సంఘకాపరులను ముందు వరుసలో చేర్చవలెనా అని కొందరు అడుగుదురు. రోగుల పడకయొద్దకును సమాధులయొద్దకును పోవు కాపరి ఇంటినుండి ఇంటికి రోగమును మోయగలడు గనుక, ఆ పనినిబట్టి అడుగవచ్చును. అంగీనిబట్టి అడుగరాదు.

38 ఏండ్లు కాచుకొన్న ఆ మనిషిని ప్రభువు వరుసలో ముందుకు త్రోయలేదు. అతడున్న చోటికి తానే వచ్చెను. ఆయన పేరు ధరించిన సంఘము వెదకవలసిన చోటు అదే. వరుసకు ముందున కాదు, మంటపపు మూలను.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో దింపుటకు మనిషి లేనివారు ఎవరు? పేర్లు చెప్పగలమా?
2. టీకాలు పది, కావలసినవారు నూరుగురు అయినయెడల, పైని మూడు న్యాయములలో దేనిని ముందు పెట్టుదుము? ఎందువలన?
3. తన వంతు విడిచిపెట్టుదునను వృద్ధురాలితో మనము ఏమి మాటలాడవలెను?
4. అపొస్తలులు సణుగును విని ఏమి చేసిరి? మనము సణుగును విని ఏమి చేయుచున్నాము?