బ్యాండ్ ఆపరేషన్ తర్వాత తిండి తడబడితే: భయపడొద్దు, దాచొద్దు

ఎవరి కోసం: బరువు తగ్గడానికి కడుపుకు బ్యాండ్ వేయించుకున్నవారికి, వారి ఇంట్లో వంట చేసేవారికి. స్లీవ్, బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవారికి కూడా ఇందులో చాలా విషయాలు పనికొస్తాయి. బ్యాండ్ బిగించడం, వదులు చేయడం అనే సంగతి మాత్రం బ్యాండ్ ఉన్నవారికే.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఒకరోజు వాంతి అయినా, ఒక పండుగకు ఎక్కువ తిన్నా, తగ్గిన బరువులో రెండు కిలోలు తిరిగి వచ్చినా మీరు ఓడిపోయినట్టు కాదు. అసలు నష్టం ఆ సంగతి దాచిపెట్టి, చెకప్‌కు వెళ్లడం మానేయడంతో మొదలవుతుంది.

1. బ్యాండ్ లోపల ఏం చేస్తుంది?

బ్యాండ్ అంటే సిలికాన్‌తో చేసిన ఒక ఉంగరం లాంటిది. దాన్ని కడుపు పైభాగం చుట్టూ వేస్తారు. దాంతో బ్యాండ్‌కు పైన ఒక చిన్న సంచి లాంటి భాగం ఏర్పడుతుంది. కొద్దిగా తినగానే అది నిండి, చాలన్న కబురు మెదడుకు వెళ్తుంది. కడుపును కోయరు, పేగును మార్చరు.

ఉంగరం లోపలి వైపు చిన్న బెలూన్ ఉంటుంది. దాని నుంచి ఒక సన్నటి గొట్టం పొట్ట చర్మం కింద ఉన్న పోర్ట్ దాకా వస్తుంది. డాక్టరు ఆ పోర్ట్‌లోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే బ్యాండ్ బిగుతవుతుంది, తీస్తే వదులవుతుంది. ఇలా బిగుతు మార్చుకోగల సిలికాన్ బ్యాండ్ 1986లో వచ్చింది. చిన్న రంధ్రాలతో, అంటే లాప్రోస్కోపీతో వేయడం 1993లో బెల్జియంలో మొదలైంది. తర్వాతి ఏళ్లలో చాలామందికి బ్యాండ్ తీసేయాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు డాక్టర్లు స్లీవ్ ఆపరేషనే ఎక్కువగా చేస్తున్నారు. ఇదివరకు బ్యాండ్ వేయించుకున్నవాళ్లు దిగులు పడాల్సిన పని లేదు. కానీ చెకప్ మాత్రం జీవితాంతం ఉంటుందని గుర్తుంచుకోవాలి.

2. బిగుతు సరిగ్గా ఉందా? మూడు రంగుల లెక్క

బ్యాండ్ సంగతి ట్రాఫిక్ సిగ్నల్ లాగా గుర్తుపెట్టుకోండి.

పసుపు: తిన్న గంటకే ఆకలి. ఎంత పెట్టినా పడుతోంది. బరువు తగ్గడం ఆగింది. బ్యాండ్ వదులుగా ఉండొచ్చు. డాక్టరును అడగండి.

పచ్చ: చిన్న గిన్నెడు తింటే చాలనిపిస్తుంది. మూడు, నాలుగు గంటలు ఆకలి వేయదు. బరువు మెల్లగా తగ్గుతోంది. ఇలాగే కొనసాగించండి.

ఎరుపు: ముద్ద గొంతు కింద ఆగుతోంది. వాంతులు, రాత్రి పడుకుంటే దగ్గు, ఛాతీలో మంట. మెత్తటివి, తియ్యటివి మాత్రమే దిగుతున్నాయి. బ్యాండ్ ఎక్కువ బిగుతుగా ఉండొచ్చు, లేదా జారి ఉండొచ్చు. వెంటనే చూపించండి.

ఎరుపు గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. "బిగుతుగా ఉంటే ఇంకా త్వరగా తగ్గుతాను కదా" అనుకుంటారు. జరిగేది దానికి తిరకాసు. గట్టి తిండి దిగదు కాబట్టి మనిషి ఐస్‌క్రీమ్, టీలో ముంచిన బిస్కెట్లు, జ్యూసులు, పాయసం వైపు వెళ్తాడు. అవి బ్యాండ్ గుండా సులువుగా జారిపోతాయి. కడుపు నిండదు, బరువు పెరుగుతుంది. అప్పుడు "నాకు నోరు కట్టుకోవడం చేతకాలేదు" అని తనను తానే తిట్టుకుంటాడు. కొన్నిసార్లు మార్చాల్సింది మనిషిని కాదు, బ్యాండ్‌లోని నాలుగు చుక్కల సెలైన్‌ను.

3. మన వైపు తిండి, మన జాగ్రత్తలు

ఆసుపత్రిలో ఇచ్చే డైట్ చార్టులో సూప్, ఓట్స్ అని ఉంటాయి. అంగళ్లు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్లలో వండేవి వేరు. అందుకే మన తిండి ప్రకారం చెప్పుకుందాం.

రాగి సంగటి: మనకు సంగటిని నమలడం అలవాటు లేదు. ముద్ద తుంచి, పులుసులో అద్ది మింగేస్తాం. బ్యాండ్ ఉన్నవారికి ఇదే పెద్ద ప్రమాదం. మింగిన ముద్ద బ్యాండ్ దగ్గర బిరడాలా ఇరుక్కుంటుంది. మొదటి నెలల్లో సంగటి బదులు పలుచటి రాగి జావ తాగండి. తర్వాత డాక్టరు సరేనన్నాక చిటికెడు తీసుకుని, నోట్లో పూర్తిగా కరిగించి తినండి.

అన్నం, చపాతీ, బ్రెడ్డు: ముద్దగా అంటుకునేవి ఇరుక్కుంటాయి. ఉడుకుడుకు మెత్తటి అన్నం కన్నా పొడిపొడి అన్నం, పప్పుతో కొంచెం కొంచెంగా మేలు.

మాంసం: గట్టి మటన్, ఎండిన చికెన్ వద్దు. చేప, గుడ్డు, బాగా ఉడికిన ఖీమా మేలు.

టమోటా: మన పంటే కాబట్టి ప్రతి కూరలో పడుతుంది. తొక్క తీసి వేయండి. తొక్క, మునక్కాయ పీచు, ఆకుకూర కాడలు, కమలా తొనల మీది తెల్లపొర సరిగ్గా నమలకపోతే అడ్డుపడతాయి.

చెనిక్కాయలు: నోట్లో పిండి అయ్యేదాకా నమలాలి. ఊరిబిండి మెత్తగా రుబ్బుకుంటే ఇబ్బంది తక్కువ. కానీ నూనె ఎక్కువ కాబట్టి ఒక చెంచా చాలు.

సోడా, కూల్‌డ్రింకులు: గ్యాస్‌తో నొప్పి వస్తుంది. మానేయడమే మంచిది.

ప్రతి పూటా పాటించాల్సినవి ఐదే:
• గోరంత ముక్క, ఇరవై సార్లు నమలడం.
• ఒక పూట భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు. అప్పటికి గిన్నెలో మిగిలినా లేచిపోవాలి.
• తింటూ నీళ్లు తాగొద్దు. తిన్న అరగంట తర్వాత తాగండి.
• ముందు పప్పు, గుడ్డు, పెరుగు, చేప. ఆ తర్వాతే అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒక గుడ్డులో వచ్చేది సుమారు 6 గ్రాములే.
• విటమిన్ మాత్రలు ఆపొద్దు. డాక్టరు చెప్పిన రక్త పరీక్షలు ఏటా చేయించుకోండి.

4. ముద్ద ఇరుక్కుంటే

ఛాతీ మధ్యలో నొక్కినట్టు నొప్పి, నోట్లో నురగలా ఉమ్మి ఊరడం దీని గుర్తులు.

• తినడం వెంటనే ఆపండి.
• నీళ్లు తాగి కిందికి తోయాలని చూడొద్దు. నీళ్లు కూడా పైనే ఆగి నొప్పి ఎక్కువవుతుంది.
• లేచి నిలబడండి, మెల్లగా నాలుగు అడుగులు వేయండి. పడుకోవద్దు.
• గొంతులో వేలు పెట్టి వాంతి చేయొద్దు.
• తగ్గాక ఆ రోజంతా మజ్జిగ, జావ లాంటి పలుచటివే తీసుకోండి. లోపల వాచి ఉంటుంది కాబట్టి వెంటనే గట్టి తిండి తింటే మళ్లీ ఇరుక్కుంటుంది.
• ఏం తిన్నారు, ఎంత త్వరగా తిన్నారు అన్నది రాసుకోండి.

నెలలో ఒకసారి ఇలా జరిగితే అది పాఠం. వారంలో రెండు, మూడు సార్లు జరిగితే డాక్టరు చూడాల్సిన సమస్య.

5. ఇవి కనిపిస్తే ఇంట్లో కూర్చోవద్దు

• నీళ్లు, ఉమ్మి కూడా దిగకపోవడం.
• ఆగని కడుపునొప్పి, జ్వరం.
• రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం.
• పోర్ట్ ఉన్న చోట ఎర్రబడటం, వాపు, చీము.
• ఊపిరి ఆడకపోవడం, గుండె దడ.

అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. వచ్చినవారికి మొదటి మాటగా "కడుపుకు బ్యాండ్ ఉంది" అని చెప్పండి. అవసరమైతే బ్యాండ్‌లోని సెలైన్ తీసి వదులు చేస్తారు.

ఇంకో ముఖ్య విషయం. వాంతులైతే ఊళ్లోనే గ్లూకోజు పెట్టించుకోవడం మనకు అలవాటు. రోజుల తరబడి వాంతులైన మనిషి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్ అడుగంటుతుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు, నరాలకు శాశ్వత నష్టం జరగొచ్చు. కాళ్లు తిమ్మిరెక్కడం, నడిస్తే తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తికమక కావడం దాని హెచ్చరికలు. అలాంటప్పుడు పెద్దాసుపత్రికే వెళ్లండి. "బరువు ఆపరేషన్ అయ్యింది, ఇన్ని రోజులుగా వాంతులు, థయమిన్ ఇవ్వాలేమో చూడండి" అని మీరే అడగండి. అడగడం తప్పు కాదు.

6. ఎక్కువ తినేశాను, ఇప్పుడేం చేయాలి?

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో గంగమ్మ జాతర, బోయకొండ మొక్కు, ఇంట్లో పెళ్లి. ఇవేవీ మానుకోమని ఎవరూ చెప్పరు. ఆ పూట హద్దు దాటడమూ సహజమే. తర్వాతి రోజు చేసే పని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

చేయకూడనివి: రెండు రోజులు పస్తు ఉండటం, విరేచనాల మాత్ర వేసుకోవడం, "ఎలాగూ చెడిపోయింది" అని వారమంతా అలాగే తినడం.

చేయాల్సినవి: మరుసటి పూట నుంచే మామూలు చిన్న గిన్నెకు రావడం, అరగంట నడక, వారానికి ఒకే రోజు, ఒకే సమయానికి బరువు చూసుకోవడం. రోజూ చూసుకుంటే ఒంట్లో నీరు పెరిగినా తగ్గినా అదే బరువనుకుని కంగారు పడతారు.

బ్యాండ్‌తో బరువు మెల్లగా తగ్గుతుంది. వారానికి అరకిలో నుంచి కిలో తగ్గితే బాగా తగ్గినట్టే. మధ్యలో కొన్ని వారాలు ముల్లు కదలకపోవడం మామూలే. పక్క ఊళ్లో స్లీవ్ చేయించుకున్నవారితో పోల్చుకోవద్దు, ఆ ఆపరేషన్ వేరు.

7. మనసులో దిగులు

బ్యాండ్ కడుపుకు వేస్తారు, మనసుకు కాదు. పంట ధర పడిపోయిన రోజు, ఇంట్లో మాటామాటా పెరిగిన రోజు, ఒంటరిగా ఉన్న రాత్రి తిండితో ఊరట వెతుక్కునే అలవాటు ఆపరేషన్‌తో పోదు. అందుకే ఆకలి ఏ రకమో తెలుసుకోవాలి.

కడుపు ఆకలి మెల్లగా వస్తుంది, ఏది పెట్టినా సరే అంటుంది. మనసు ఆకలి ఒక్కసారిగా వస్తుంది, "మిక్చరే కావాలి, మైసూరుపాకే కావాలి" అంటుంది. అప్పుడు పది నిమిషాలు ఆగండి. ఒక గ్లాసు నీళ్లు తాగి, ఇంట్లోంచి బయటికి వచ్చి ఎవరితోనైనా మాట్లాడండి. పది నిమిషాల తర్వాత కూడా ఆకలిగానే ఉంటే గిన్నెలో పెట్టుకుని, కూర్చుని తినండి. ప్యాకెట్‌లోంచి తినొద్దు.

కొందరికి వేరే భయం ఉంటుంది. ఒకసారి ఇరుక్కున్నాక తినడమంటేనే వణుకు వస్తుంది. జుట్టు రాలుతుంటే ఏమైపోతానో అనుకుంటారు. బరువు వేగంగా తగ్గేటప్పుడు మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలడం చాలామందిలో ఉంటుంది, మాంసకృత్తులు అందితే తిరిగి వస్తుంది. అన్నిటికన్నా బరువైనది సిగ్గు: "ఇంత ఖర్చు పెట్టించి, మళ్లీ లావయ్యాను." ఊబకాయం ఏళ్ల తరబడి ఉండే జబ్బు. షుగరు మళ్లీ పెరిగిందని ఎవరూ సిగ్గుపడి మందు మానరు కదా, ఇదీ అంతే.

నిద్ర పట్టకపోయినా, దాచుకుని తింటున్నా, ఏడుపు ఆగకపోయినా, బతకాలని లేదనిపించినా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం. రోజంతా పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు.

8. ఇంట్లో వాళ్లకు రెండు మాటలు

"ఇంతేనా తినేది? ఇంకో ముద్ద తినమ్మా" అనేది మన ప్రేమ. బ్యాండ్ ఉన్న మనిషికి ఆ ఒక్క ముద్దే వాంతి తెప్పిస్తుంది. "ఆపరేషన్ చేయించుకుని కూడా తింటున్నావే" అనే మాట ఇంకా చెడ్డది. అది విన్నవాళ్లు తినడం మానరు, చాటుగా తింటారు.

కోడలైనా కొడుకైనా ఇలా చెప్పొచ్చు: "అత్తా, నాకు కడుపు నిండింది. డాక్టరు ఈ గిన్నెకే కొలత పెట్టినాడు. సాయంత్రం మళ్లా తింటాను." ఇంట్లో వాళ్లు ఒక చిన్న గిన్నె, చిన్న చెంచా వేరుగా పెట్టి, వాళ్లతో పాటు నిదానంగా కూర్చుంటే అదే పెద్ద సాయం.

9. చెకప్, ఖర్చు, పథకం

మన వైపు వాళ్లు పెద్ద ఆపరేషన్లకు బెంగళూరు, వేలూరు, తిరుపతి వెళ్తారు. ఆపరేషన్‌కు ఎలాగో వెళ్తారు గానీ, చెకప్‌కు ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ చూసుకుని ఆగిపోతారు. ఇలా చేయండి:

• ఆసుపత్రిని ఫోన్‌లో లేదా వీడియోలో సలహా ఇస్తారా అని అడగండి. బిగుతు మార్చాలంటేనే వెళ్లాలి.
• బీపీ, షుగరు, బరువు మీ ఊరి హెల్త్ క్లినిక్‌లోనే చూపించుకోండి. బరువు తగ్గేకొద్దీ ఆ మందుల మోతాదు మార్చాల్సి వస్తుంది. సొంతంగా ఆపొద్దు.
• నొప్పి మాత్రలు అడగకుండా వేసుకోవద్దు, కొన్ని కడుపులో పుండు చేస్తాయి.
• ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దు. వస్తే మొదటి నెలలోనే డాక్టరుకు చెప్పండి.
• డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు, మీకు అవసరమైన చికిత్స జాబితాలో ఉందో లేదో చేరకముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే అడగండి. 104కి ఫోన్ చేసి కూడా తెలుసుకోవచ్చు. నోటిమాట నమ్మి డబ్బు కట్టొద్దు.
• ప్రైవేటు బీమా ఉంటే పాలసీ చదివించుకోండి. 2019 నాటి బీమా నియంత్రణ సంస్థ నిబంధనల్లో బరువు ఆపరేషన్‌కు ఈ షరతులు ఉండేవి: 18 ఏళ్లు నిండాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 లేదా ఆపైన ఉండాలి. గుండె జబ్బు, అదుపు కాని షుగరు లాంటి తీవ్ర సమస్యలుంటే 35 చాలని ఉండేది.

10. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన చీటీ

ఈ ఆరు రాసుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి:
1. ఆపరేషన్ తేదీ, ఆసుపత్రి, బ్యాండ్ రకం
2. చివరిసారి సెలైన్ ఎక్కించిన తేదీ, ఎంత
3. వారం వారం బరువు
4. ఈ నెలలో ఎన్నిసార్లు ఇరుక్కుంది, ఏం తిన్నప్పుడు
5. వాడుతున్న మందులు, విటమిన్లు
6. మీకున్న భయం, ఒక్క వాక్యంలో

ఆరోది వదిలేయొద్దు. మిగతా ఐదూ పరీక్షల్లో, కాగితాల్లో ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. అది మీరు చెబితే తప్ప డాక్టరుకు తెలియదు.

ఈ పాఠం డాక్టరు సలహాకు బదులు కాదు. మీ ఇంట్లో, మీ వీధిలో ఈ ఆపరేషన్ అయినవారు ఉంటే వారికి పంపండి. చదవడం రానివారికి 4, 5 భాగాలు చదివి వినిపించండి.