రెండు కళ్ళకు రెండు కటకాలు

ఒక కన్ను మూసుకుని సూదిలోకి దారం ఎక్కించి చూడండి, ఎంత తిప్పలో తెలుస్తుంది. మన కళ్ళ మధ్య ఎడం సుమారు 65 మిల్లీమీటర్లు. అందువల్ల రెండు కళ్ళలో కొద్ది తేడాతో రెండు బొమ్మలు పడతాయి. మెదడు వాటిని కలిపి లోతును గ్రహిస్తుంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ ఈ సంగతిని అద్దాల పరికరంతో చూపించాడు. మన సీనియర్లు కళ్ళద్దాలు పెట్టుకుని చూసిన ‘చిన్నారి చేతన’లోని కిటుకూ ఇదే. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1లోనూ రెండు కెమెరాలున్నాయి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, రెండోది 5 డిగ్రీలు వెనక్కు వంచి బిగించారు, కొండల ఎత్తులు లెక్కగట్టడానికి.

పాత రోలు కెమెరాలు రెండు ఒకే చెక్కకు బిగిస్తే మనకూ స్టీరియో కెమెరా తయారవుతుంది. చిక్కంతా కటకాల దగ్గరే. రెండింటి మీదా 75 మి.మీ. అని ఉన్నా అది గుండు లెక్క. అసలు నాభ్యంతరం ఒకదానికి 74, మరొకదానికి 76 ఉండవచ్చు. అప్పుడు ఒక బొమ్మ 2.7 శాతం పెద్దదవుతుంది. పక్కల తేడాను కళ్ళు సర్దుకుంటాయి గాని, పైకీ కిందికీ ఉన్న తేడాను సర్దుకోలేవు. తలనొప్పి వస్తుంది, లోతు రాదు.

మా దగ్గర ఉన్నవి రెండు రోళ్ళే, అంటే 12 జతల ఫొటోలు. కళ్ళంలో తాలుకాయలు ఏరే అమ్మలను తీయాలని మా కోరిక. అందుకని ఫిల్మ్ తగలేయకుండా ముందే కొలిచాం. ఫిల్మ్ ఉండే చోట ట్రేసింగ్ కాగితం బిగుతుగా అతికించి, షట్టరును ‘బి’లో తెరిచి ఉంచి, ఫోకస్‌ను అనంతం గుర్తు దగ్గర పెట్టి, మేడ మీద ఒకే చోటు నుంచి ఒక్కో కెమెరాతో దూరపు సెల్ టవరునూ నీళ్ళ ట్యాంకునూ చూశాం. కాగితం మీద ఆ రెండింటి మధ్య దూరాల నిష్పత్తే నాభ్యంతరాల నిష్పత్తి. స్కేలుతో అర మిల్లీమీటరు పట్టడమే కష్టం కనుక గుర్తులు ఎంత ఎడంగా ఉంటే అంత మంచిది. ఒక శాతం లోపు తేడా అయితే మనకు చాలు.

షట్టర్లనూ చూసుకోవాలి. పాత స్ప్రింగులు ఒకేలా కొట్టవు, ఏరే చేతులు ఆగవు. టిక్కీల గుట్టలాంటి కదలనివాటికైతే ఒక్క కెమెరానే 65 మి.మీ. జరిపి రెండుసార్లు తీయవచ్చు. దాని కటకం దానికి సరిపోకపోదు కదా! గాలికి ఊగే పత్తి చేలో మాత్రం ఇది కుదరదు. ఏ పద్ధతిలోనైనా అన్నిటికంటే దగ్గరి వస్తువు రెండు మీటర్ల అవతలే ఉండేట్టు నిలబడండి.